మర్యాద పొర

మోతుబాయి వేదిక మీద పడిపోయిన క్షణంలో నేను మూడో వరుసలో కూర్చుని ఆమె మాటలకు తలాడిస్తున్నాను.

"మా బడిలో ఎవరూ వేరు కాదు. అందరం కలిసి తింటాం, కలిసి తాగుతాం. ఇక్కడికొచ్చాక నాకు ఏ లోటూ లేదు," అంటోంది. గొంతు మెత్తగా ఉంది. అంతలో మోకాళ్లు మడత పడ్డాయి. మైకు స్టాండు మీదికి ఒరిగి, దానితో పాటే కిందికి జారింది.

అది గురువారం, రిహార్సల్ రోజు. శనివారం ఉత్సవం. కొండమడుగు ఉన్నత పాఠశాల ఆ ఏడు రాష్ట్రంలోకెల్లా పిల్లలందరినీ కలుపుకుపోయే బడిగా ఎంపికైంది. గోండు, కొలాం, లంబాడా, మరాఠీ, ఉర్దూ, తెలుగు పిల్లలు ఆరు వందల మంది ఒకే కప్పు కింద చదివే బడి అది. ఒక్కో భాష నుంచి ఒకరు తమ కట్టుబొట్టుతో వచ్చి రెండు మాటలు మాట్లాడాలి. గోండుల తరఫున తొమ్మిదో తరగతి పెందూర్ మోతుబాయి. ఆమెను ఎంచింది మా యంత్రమే. బడి మొత్తంలో సామరస్య సూచిక నూటికి నూరు ఉన్న పిల్ల ఆమె ఒక్కతే.

ఆ యంత్రం నాది. పేరు మైత్రి. పిల్లలు మాత్రం గింజలు అంటారు. శనగగింజంతవి రెండు, చెవికొకటి. పెట్టుకున్నాక బయటి మాట నేరుగా లోపలికి రాదు. గింజ దాన్ని విని, మనకు వచ్చిన భాషలోకి మార్చి, మాట్లాడినవాళ్ల గొంతుతోనే మనకు చెబుతుంది. టీచరు తెలుగులో పాఠం చెబితే మోతుబాయికి గోండీలో వినిపిస్తుంది. ఆమె గోండీలో జవాబిస్తే టీచరుకు తెలుగులో వినిపిస్తుంది. మొదటి రోజు ఈ బడిలో ఒక కొలాం పిల్ల లేచి వానలు ఎందుకు పడతాయో చెబుతుంటే, అయిదేళ్లుగా ఆమె గొంతు విననివాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

దానికి ఇంకో పొర కూడా ఉంది. ఆ సంగతి ఆసుపత్రి గురించి చెప్పాక చెబుతాను.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. రిపోర్టులు చూసి మొహం గంటు పెట్టుకుంది.

"మూత్రంలో ఇన్ఫెక్షన్ మొదలై కిడ్నీల దాకా పాకింది. ఒకటి బాగా దెబ్బతింది. ఈ పిల్ల నెలల తరబడి నీళ్లు సరిగా తాగలేదు. మీ బడిలో నీళ్లు లేవా సార్?"

హెడ్మాస్టరు లింబాద్రి గారు గాభరా పడ్డారు. "ఎందుకు లెవ్వు డాక్టరమ్మా! శుద్ధిజేసే మిషన్ ఉన్నది. ఎనిమిది నల్లాలు. ఈ పిల్లనే నాతోని ఎన్నోసార్లు అన్నది, నీళ్లు మస్తుగున్నయి సార్ అని."

నేను మంచం పక్కన కూర్చున్నాను. "నీళ్లెందుకు తాగలేదమ్మా?" అని అడిగాను.

మోతుబాయి నా వైపు తిరిగింది. "నాకు నీళ్లంటే అంత ఇష్టం ఉండదు మేడం. అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు," అని నా చెవిలో వినిపించింది.

కానీ ఆమె మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పళ్లు బిగించి మాట్లాడుతోంది. వేలు పెట్టి హెడ్మాస్టరును చూపిస్తోంది. పదకొండేళ్లుగా గొంతుకూ ముఖానికీ పొత్తు కుదర్చడమే నా పని. ఆ మాట ఆ ముఖానిది కాదు. గింజలు రెండూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

చెవుల నిండా ఆమె అసలు గొంతు పడింది. బొంగురుపోయి, చీలిపోయి ఉంది. నాకు గోండీ రాదు. నేను పుట్టింది తండాలో. పక్క గూడెం భాషలో నాకు తెలిసిన మాటల్లో ఒకటి ఏర్, నీళ్లు. ఆ మాట ఆమె నోట అయిదారు సార్లు వచ్చింది.

తల్లి లింగుబాయి అప్పుడే బస్సు దిగి వచ్చింది. ఆమెకు సంతలో నేర్చుకున్న తెలుగు వచ్చు.

"ఏమంటోందమ్మా మీ పాప?" అన్నాను.

"నల్లా ముట్టనిస్తలేరు మేడం," అంది ఆమె. "అడివి పంది మూతి వెట్టిన కాడ మేమెట్ల తాగాలె అంటరట. దూరం జరుగు అంటరట. పైకెల్లి పోస్తరట, ఇది దోసిలి వట్టాలెనట. నీళ్ల కాడ తడుస్తయని ఇది చెవులల్లయి తీస్తదట, తిట్ల తెలుగు దానికి ఎరుకే. నాకెందుకు గా తాగుడని ఇది తాగుడే బంద్ వెట్టింది."

"హెడ్మాస్టరుకు చెప్పలేదా మీరు?"

"మూడు మాట్ల వొయ్యిన. గేటు కాడ చెవులల్ల గివి వెడ్తరు గద, వెట్టుకోని వొయ్యిన. తెలుగులనే జెప్పిన. నేను ఏడ్సుకుంట జెప్తుంటె గా సారు నవ్విండు మేడం. చాయ్ తాపించి పంపిండు. మల్ల వొయ్యిన, మల్ల నవ్విండు. బిడ్డ సావు బతుకులు ఆయనకు నవ్వులాటనా?"

లింబాద్రి గారు మా పక్కనే ఉన్నారు. ఆయన చెవుల్లో గింజలున్నాయి. లింగుబాయి మాటలన్నీ విని, చిరునవ్వుతో చేతులు జోడించారు. "మంచిదమ్మా. నీ అభిమానం," అన్నారు.

"సార్, గింజలు తీయండి," అన్నాను.

"ఎందుకు మేడం?"

"తీయండి ముందు!"

ఆయన తీశారు. "అమ్మా, మళ్లీ చెప్పు," అన్నాను. లింగుబాయి మళ్లీ చెప్పింది. పంది అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. గోడ పట్టుకుని నిలబడ్డారు.

"నాకు గిట్ల ఇనవడలేదు మేడం. నా పిల్లల మీద ఒట్టు. బడి బాగుంది సారూ అన్నట్టే ఇనవడ్డది, మూడు మాట్ల గూడ."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే.

ఇప్పుడు పొర సంగతి చెబుతాను. మర్యాద పొర అని దానికి పేరు పెట్టింది నేనే. నా ఆరో తరగతిలో పెద్ద బడికి వచ్చిన రోజు టీచరు నా ఊరు అడిగితే తండా పేరు చెప్పాను. రాథోడ్ అనసూయ అనే పేరు ఆ రోజుతో పోయింది. తరగతి పెట్టిన పేరు ఇక్కడ రాయను. పదో తరగతి దాకా నేను లేచి జవాబు చెప్పలేదు. ఆ నవ్వు ఏ పిల్ల చెవినా పడకూడదని మైత్రిలో ఒక వడపోత పెట్టాను. తిట్టును గింజ ఆపేస్తుంది, పిల్ల దాకా పోనివ్వదు. అంతే, మొదటి మెట్టు అదే.

ఆపైన నాలుగు మెట్లు వచ్చాయి. పైవాళ్లకు ఒక అంకె కావాలన్నారు, ఏ బడిలో ఎంత సామరస్యం ఉందో చూపించేది. అయిదో మెట్టులో, వినేవాళ్లకు నొప్పి, సిగ్గు, కోపం తెప్పించే ఏ మాటైనా గింజ మెత్తగా మార్చి చెబుతుంది. గొంతులోని ఏడుపును కూడా మారుస్తుంది. ఫిర్యాదు వింటే ఎవరికైనా నొప్పే గదా. ఈ ముక్క నాకు తట్టలేదు. తట్టలేదని రాస్తున్నాను గాని, తట్టించుకోలేదన్నదే నిజం. కొండమడుగులో అయిదో మెట్టు పెట్టి చూద్దామన్న కాగితం మీద సంతకం నాది.

శుక్రవారం పొద్దున బడి కంప్యూటర్ గదిలో కూర్చున్నాను. రిపేరు కోసమని అసలు మాటలన్నీ అక్కడ దాచి ఉంటాయి. వాటి తాళం నా దగ్గరే ఉంది. మోతుబాయి పేరు కొట్టి, పొర తీసేసి, ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చమన్నాను.

జూన్‌లో హెడ్మాస్టరుతో ఆమె అన్నది: "సార్, వాళ్లు నన్ను నల్లా ముట్టుకోనివ్వడం లేదు. దాహమేస్తోంది." సారు విన్నది: "సార్, నల్లా నీళ్లు బాగున్నాయి. దాహం తీరింది."

జులైలో లెక్కల టీచరుతో: "నన్ను పంది అంటున్నారు." ఆవిడ విన్నది: "నాకు ఇక్కడ స్నేహితులున్నారు."

ఆగస్టులో ఒకసారి హెడ్మాస్టరు గదిలో ఆమె గట్టిగా అరిచింది: "మీకు వినపడుతోందా? నేను ఏడుస్తుంటే మీరెందుకు నవ్వుతున్నారు?" ఆయన విన్నది: "మీరు నవ్వుతుంటే నాకు బాగుంటుంది సార్."

అలాంటివి పదకొండు. పదకొండోది అక్టోబరులో. ఆ తర్వాత ఆమె పెద్దవాళ్లెవరికీ ఏమీ చెప్పలేదు. నిన్న వేదిక ఎక్కేదాకా.

నిన్నటిది కూడా విన్నాను. తలాడిస్తూ విన్నదాన్ని మళ్లీ విన్నాను.

ఉత్సవం కోసం మా ప్రయోగశాల అధిపతి చక్రపాణి గారు ఆ మధ్యాహ్నమే ఊళ్లోకి వచ్చారు. ఆయన దగ్గర చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఎవరూ నమ్మని రోజుల్లో నన్ను నమ్మిన మనిషి. పదకొండు రికార్డింగులూ కూర్చోబెట్టి వినిపించాను. చివరిదాకా విన్నారు, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పొర పాడవలేదు అనసూయా. మనం అడిగిందే చేసింది."

"అందుకే భయమేస్తోంది సార్."

"పాపకు మంచి వైద్యం చేయిద్దాం. ఉత్సవం అయిపోనీ, మెట్టు తగ్గిద్దాం. ఇప్పుడు రచ్చ చేస్తే మొత్తం మైత్రినే ఆపేస్తారు. మూడు వందల నలభై బడులు. ఆ పిల్లలు మళ్లీ వెనక బెంచీకి పోయి నోరు మూసుకుంటారు. నువ్వు కూర్చున్న బెంచీకి. అది నీకిష్టమేనా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"ఆ మూడు వందల నలభై బడుల్లో ఎందరు మోతుబాయిలున్నారు సార్?" అన్నాను.

"అది మనకెలా తెలుస్తుంది?"

"తెలియకుండా చేసింది మనమే గదా. నేను వెనక బెంచీలో నోరు మూసుకున్నానని మా టీచర్లకు కనీసం తెలుసు. మోతుబాయి అరిచింది సార్. అరిస్తే మనం దాన్ని పాటగా మార్చి వినిపించాం. వినిపించి, నూటికి నూరు వేశాం."

"కొంచెం ఆవేశం తగ్గించుకో," అన్నారాయన.

ఆ మాటను ఆయన గింజలేమీ లేకుండానే అన్నారు.

శనివారం బడి ఆవరణంతా రంగు కాగితాలు. గేటు మీద ఆరు భాషల్లో స్వాగతం. గోండీ అక్షరాల వరుసలో రెండు తలకిందులుగా ఉన్నాయి. ఎవరూ గమనించలేదు. అతిథులకు గేటు దగ్గరే పళ్లెంలో గింజలు అందిస్తున్నారు, అత్తరు చల్లినంత మర్యాదగా.

వేదిక వెనక్కి వెళ్లి చూస్తే మోతుబాయి కోసం తెచ్చిన చీర కట్టుకుని, వెండి కడియాలు, పూసల దండలు పెట్టుకుని ఇంకో పిల్ల నిలబడి ఉంది. సాయిచందన, అదే తరగతి.

"ఇదేంటి?" అన్నాను డాన్సు టీచరుతో.

"మోతుబాయి రాలేదు గద మేడం. గోండు వేషానికి ఒకలు గావాలె. డ్రెస్సు గిరాయికి తెచ్చినం, ఊకె వోతది."

నిన్న విన్న గొంతుల్లో చందన గొంతు ఉంది. నల్లా దగ్గర రోజూ వినిపించిన గొంతు అదే. ఆ పిల్లను కొట్టేస్తానేమో అనిపించి అక్కడి నుంచి వచ్చేశాను.

కంప్యూటర్ గదిలోకి వెళ్లి నా తాళంతో మెట్టును సున్నాకు దించాను. ఆ హాల్లో ఎవరి చెవిలో గింజ ఉన్నా, భాష మారుతుంది గాని మాట మారదు. తర్వాత నేరుగా వేదిక ఎక్కాను. ముఖ్య అతిథి పూలదండ సర్దుకుంటున్నారు. మొదటి వరుసలో చక్రపాణి గారు సగం లేచారు.

"నా పేరు రాథోడ్ అనసూయ. మీ చెవుల్లో ఉన్నది నేను చేసిందే," అన్నాను. "గోండుల తరఫున మాట్లాడాల్సిన పిల్ల ఆసుపత్రిలో ఉంది. మొన్న ఈ వేదిక మీద ఆమె మాట్లాడింది. నేను మూడో వరుసలో కూర్చుని మెచ్చుకున్నాను. ఆమె నిజంగా ఏమన్నదో ఇప్పుడు వినండి."

రికార్డింగు నొక్కాను. మోతుబాయి గొంతు హాల్లో లేచింది.

"మీరు నాకు రాసిచ్చిన కాగితం నేను చదవను. మా బడిలో నన్ను నల్లా ముట్టనివ్వరు. ఆరు నెలల నుంచి చెబుతున్నాను. సారుకు చెప్పాను. మేడంకు చెప్పాను. మా అమ్మ వచ్చి చెప్పింది. అందరూ నవ్వుతారు. మీరు ఇప్పుడు కూడా నవ్వుతున్నారు. మూడో వరుసలో ఆ మేడం తలాడిస్తోంది. నాకు పిచ్చి పట్టిందా? నేను మాట్లాడుతున్నానా లేదా? ఒక్కరైనా చెప్పండి, నేను మాట్లాడుతున్నానా..."

తర్వాత మైకు కిందపడిన చప్పుడు.

గోండు గూడేల నుంచి వచ్చిన తల్లిదండ్రులు వెనక వరుసల్లో లేచి నిలబడ్డారు. ముఖ్య అతిథి పక్కనున్న వాళ్ల చెవిలో ఏదో అన్నారు. సున్నా మెట్టు మీద అది కూడా దగ్గరివాళ్లకు ఉన్నదున్నట్టే వినపడి ఉంటుంది, వాళ్ల ముఖాలు మాడిపోయాయి.

తెర పక్క నుంచి చందన వచ్చింది. కడియాలు గలగలమంటున్నాయి. అవి తీయబోతోంది గాని రావడం లేదు.

"నేనన్న మేడం. రోజు అన్న," అంది. "కానీ అదెప్పుడు తిరిగి తిట్టలే. ఫరవాలేదు, నీళ్లు నువ్వే పొయ్యి అన్నట్టే ఇనవడేది. దానికి కోపం లేదనుకున్న. ఆటనుకున్న మేడం."

ఆమె చెప్పేది నిజమే. నేను ఆ రికార్డింగు కూడా విన్నాను. మోతుబాయి ప్రతిరోజూ ఎదురు తిరిగింది, నోటికొచ్చినట్టు తిట్టింది. ఒక్క తిట్టు కూడా చందన దాకా చేరలేదు. ఆ పిల్లకు రావాల్సిన సిగ్గును కూడా నా యంత్రం మధ్యలోనే మింగేసింది.

"ముఖం చూడలేదా నువ్వు?" అన్నాను.

చందన కడియాలు తీయడం ఆపేసింది.

"చూసిన," అంది. "చూసిన మేడం."

నేనూ చూశాను. లింబాద్రి సారూ చూశారు, ఏడుస్తున్న తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని. చెవులు మోసపోయాయని చెప్పుకోవచ్చు. కళ్లకు ఎవరూ ఏ గింజా పెట్టలేదు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. పిల్లల మాటలు అనుమతి లేకుండా బయటపెట్టానని నా మీద కేసు వేశారు. ఉద్యోగం పోయింది. ఉత్తమ బడి సర్టిఫికెట్టు మీద కొండమడుగు పేరు కొట్టేసి పక్క మండలం బడికి ఇచ్చారు. ఆ బడిలోనూ అయిదో మెట్టే. సూచిక తొంభై తొమ్మిది. విచారణకు ఒక కమిటీ వేశారు, దాని మొదటి సమావేశంలో అందరూ గింజలు పెట్టుకునే కూర్చున్నారని తెలిసి నేను చేతిలోని పత్రిక విసిరికొట్టాను.

కొండమడుగులో మాత్రం తల్లిదండ్రులు అలా ఊరుకోలేదు. లింగుబాయి ముందు నడిచింది. భాష మార్చే గింజ కావాలి, పొర వద్దు అని అడిగారు. పొర లేకుండా ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. అయితే ఏదీ వద్దన్నారు. మర్నాడు ఆరు వందల మంది పిల్లలు గింజలు తీసి బల్ల మీద పెట్టేశారు. తరగతులు గోలగోలగా తయారయ్యాయి. మొదటి వారంలోనే నాలుగు కొట్లాటలు. సగం పాఠం సగం మందికి అర్థం కాలేదు. లింబాద్రి గారు గూడెం నుంచి చదువుకున్న అమ్మాయినొకరిని తెచ్చి ఏడో తరగతి పిల్లలతో పాటు తానూ గోండీ నేర్చుకోవడానికి కూర్చున్నారు. యాభై ఆరేళ్ల మనిషి, పలక మీద రాసుకుంటూ. ఆయనను నేను క్షమించలేదు. కానీ రోజూ ఆ తరగతికి ఆయన వెళుతున్నారని మాత్రం ఒప్పుకోవాలి.

మోతుబాయి మూడు నెలల తర్వాత బడికి వచ్చింది. ఒక కిడ్నీ ఇక పనికిరాదు. జీవితాంతం మందులు వాడాలి. ఆ రోజు నేను కూడా వెళ్లాను. ఆమెకు ఏం చెప్పాలో తెలియక, వరండాలో స్తంభం దగ్గర నిలబడిపోయాను.

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ఆమె నేరుగా నల్లాల దగ్గరికి నడిచింది. ఎనిమిదింటి దగ్గరా పిల్లలున్నారు. మధ్య నల్లా దగ్గర చందన ఉంది. మోతుబాయిని చూసి పక్కకు తప్పుకుంది. మోతుబాయి నల్లా తిప్పి, గ్లాసు నింపుకుని, నోటికి ఆనించి తాగింది. మళ్లీ నింపుకుని తాగింది. డాక్టరు చెప్పినన్ని.

గ్లాసు గట్టు మీద పెట్టి చందన వైపు తిరిగి మొదలుపెట్టింది. గోండీలోనే. ఆరు నెలలది, ఆసుపత్రిలో మూడు నెలలది, అంతా ఒక్కటొక్కటిగా బయటికి వచ్చింది. చుట్టూ పిల్లలు మూగారు. గోండు పిల్లలు కొన్ని మాటల దగ్గర నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. చందనకు ఒక్క ముక్కా తెలియదు. అయినా కదలకుండా, తల దించకుండా, మోతుబాయి ముఖంలోకే చూస్తూ నిలబడింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

మోతుబాయి ఆగి ఊపిరి తీసుకుంది.

"నాకు సమజ్ గాలే," అంది చందన మెల్లగా.

"ఎరుకే," అంది మోతుబాయి. ఆసుపత్రి మంచం మీద నేర్చుకున్న తెలుగు అది, ఇంకా గరుకుగా ఉంది. "కూసో. ఇప్పుడు నీ భాషల జెప్త. మొత్తం జెప్త. అయిపోయేదాక లెవ్వద్దు."

చందన తడి గట్టు మీద కూర్చుంది.